సుమలత టీచరుకి దొరికిన పిట్ట

సుమలత టీచరు ఎక్కాల్సిన బస్సు ఒకటి, ఎక్కే బస్సు ఇంకొకటి. విజయవాడలో మీటింగు చూసుకుని బందరు తిరిగొస్తూ పామర్రు సెంటర్లో టీ తాగడానికి దిగి, మళ్ళీ ఎక్కేటప్పుడు పక్కనున్న గుడివాడ బస్సులో దర్జాగా కూర్చున్న మనిషి ఆమె. కుడి ఏదో ఎడమ ఏదో చెప్పమంటే ముందు అన్నం తినే చెయ్యి చూసుకుంటుంది. గూడూరు దగ్గర బడిలో తెలుగు చెబుతుంది కదా, పాఠం చక్కగానే చెబుతుంది, పిల్లల పేర్లు మాత్రం కలిపేస్తుంది. వాళ్ళూ అలవాటు పడిపోయారు, ఒకరిని పిలిస్తే ఇద్దరు లేచి నిలబడతారు. ఆమె భర్త విజయ్ కుమార్‌కి బందరు కోర్టులో సాక్షుల మాటలు టైపు చేసే ఉద్యోగం. "నిన్ను బోనెక్కిస్తే రెండు పక్షాలూ ఓడిపోతాయే" అని ఏడిపిస్తాడు. ఆమె కూడా నవ్వేస్తుంది. నవ్వక ఏం చేస్తుంది పాపం!

ఆ తప్పు బస్సే ఆమెని పిట్టల్లో పడేసింది. గుడివాడ రోడ్డులో కిటికీ పక్కన కూర్చుని, ఇది మనూరి దారి కాదేమిటా అని దిక్కులు చూస్తుంటే, చేపలు పట్టేసి నీళ్ళు తోడేసిన చెరువొకటి కనబడింది. బురదలో పక్షులు, గట్టు మీద పక్షులు, కరెంటు తీగ మీద పక్షులు. మూతి గరిటెలా ఉన్నవి కొన్ని, గడ్డం కింద సంచి వేలాడుతున్నవి కొన్ని. సుమలత నోరు తెరుచుకుని చూసింది.

"అవేం పిట్టలండీ?" అని పక్క సీటాయన్ని అడిగింది.

"కొంగలండీ."

"మరి ఆ నల్లవి?"

"అవీ కొంగలేనండీ. నల్లకొంగలు."

"ఆ సంచి ఉన్నదో?"

ఆయన కాస్త ఆలోచించి "పెద్దకొంగ" అన్నాడు. ఆయనకీ చేపల చెరువు ఉంది కాబోలు, చేపలు తినే పిట్టలంటే గిట్టనట్టు మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ పూట గుడివాడలో తమ్ముడు రాజారత్నం ఇంట్లోనే దిగింది. అతను పెళ్ళి ఫొటోల స్టూడియో ఎత్తేసి సెల్‌ఫోన్ల కొట్టు పెట్టుకున్నాడు. దూరాన్ని దగ్గరికి లాగే కెమెరా ఒకటి అటక మీద బూజు పట్టి పడి ఉంటే "తీసుకుపో అక్కా, నాకెందుకు" అని ఇచ్చేశాడు. అంతే. అప్పట్నుంచి చలికాలం వచ్చిందంటే సుమలత ఇంట్లో ఉండదు. ఆదివారం ఆరాధన అవ్వగానే చీర మీదే కాలికి బూట్లు తొడుక్కుని చెరువుగట్ల వెంట, సముద్రం ఒడ్డు వెంట పడి తిరుగుతుంది. పాస్టరుగారి భార్య అడగనే అడిగింది, "ఏం సుమలతా, సర్వే డిపార్టుమెంటులో చేరావా?" అని.

కానీ పిట్టలు ఆమె మతిని ఇంకా గందరగోళం చేశాయి. ఊళ్ళో జనానికి తెల్లగా ఉంటే కొంగ, నల్లగా ఉంటే నీటికాకి, బురదలో పరిగెత్తేవన్నీ ఉల్లంకి పిట్టలు. ఆ లెక్క బాగానే ఉంది. పుస్తకం తెరిస్తే మాత్రం ఆ ఉల్లంకి పిట్టల్లోనే వంద రకాలు, అన్నీ బూడిదరంగే, ఒకదాని కాళ్ళు కాస్త పసుపు, ఒకదాని ముక్కు కాస్త వంకర. ఎక్కడో మంచు దేశాల్లో పుట్టి ఇంత దూరం ఎగిరొచ్చే పిట్టలు కాస్త గుర్తుపట్టేలా ఒక్కో రంగేసుకుని రావచ్చుగా! సుమలత ఒకటి చూసి ఇంకొకటి అనుకునేది, అనుకున్నది రాయబోయి మరొకటి రాసేది.

రాసేదెక్కడంటే వాట్సాప్ గ్రూపులో. పిట్టల ఫొటోలు తీసేవాళ్ళంతా కలిసి పెట్టుకున్న గ్రూపు అది. దానికి పెద్ద ఎవరంటే, గుడివాడలో పళ్ళ డాక్టరు కృష్ణచైతన్య గారు. ఆయన లెన్సు డాబా మీంచి నీళ్ళు దిగే గొట్టమంత ఉంటుంది. మంచాయనే, ఎవర్నీ పల్లెత్తు మాటనడు, గారు లేకుండా పిలవడు. ఆ గ్రూపుకి ఒక భాష ఉంది. అందులో ఎవరూ పిట్టని "చూశాను" అనరు. "దొరికింది" అంటారు. ఇవాళ ఏం దొరికిందండీ? నాకు తెడ్డుమూతి కొంగ దొరికింది. మీకు పాలపిట్ట దొరికిందా? కెమెరాకి చిక్కితే దొరికినట్టు. సుమలత నోటికీ ఆ మాట పట్టేసింది. వంటింట్లోంచి "ఏమేవ్, కళ్ళజోడు కనబడిందా?" అని మొగుడు అడిగితే "పొద్దున్నే దొరికింది, మళ్ళీ ఎగిరిపోయింది" అనేది.

పోయిన చలికాలంలో ఒక ముచ్చట జరిగింది. ముచ్చటేమిటి, ముల్లు. దివిసీమలో, నాగాయలంక దాటి సముద్రం వైపు వెళ్తే, సుమలత మొట్టమొదట ఉద్యోగం చేసిన ఊరుంది. ఆ బడిలో పిల్లలకి అన్నం వండిన దేవమ్మని చూసొద్దామని వెళ్ళి, పనిలో పనిగా కెమెరా భుజాన వేసుకుని కరకట్ట మీదికి నడిచింది. పాటు వేళ, సముద్రం వెనక్కి పోయి బురద బయటపడింది. ఉల్లంకి పిట్టలు గుంపులు గుంపులుగా పరిగెడుతున్నాయి. వాటిలో ఒకదాని కాలికి పట్టీ ఉంది! పిట్టలు ఎక్కణ్ణుంచి ఎక్కడికి వెళ్తాయో తెలుసుకోవడానికి ఆ మంచు దేశాల్లో చదువుకున్నవాళ్ళు కాళ్ళకి ప్లాస్టిక్ పట్టీ తగిలించి, దాని మీద ఇంగ్లీషు అక్షరాలు వేసి వదులుతారని గ్రూపులో చదివింది. చేతులు వణుకుతుండగా ఫొటో తీసింది. చేతులు వణికితే ఫొటో ఎలా వస్తుంది? అలాగే వచ్చింది. కాలి దగ్గర ఏదో పచ్చగా ఉంది, దాని మీద హెచ్ లాగానో ఎన్ లాగానో ఒక మచ్చ.

"పచ్చ పట్టీ ఉన్న పిట్ట దొరికింది" అని గ్రూపులో పెట్టింది.

"పచ్చంటే ఆకుపచ్చా, పసుపుపచ్చా మేడమ్?" అని ఒకరు.

"ఆకుపచ్చ అనుకుంటాను" అంది. ఫొటో మళ్ళీ చూసుకుని "పసుపు కూడా ఉంది" అంది. ఇక చూడండి, నవ్వుల బొమ్మలు వరసకట్టాయి. చివరికి డాక్టరుగారు మర్యాదగా రాశారు: "సుమలత గారూ, అది నాచు అయ్యుంటుందండీ. కంగారులో మనకి అలా అనిపిస్తుంటుంది."

తిట్టినా బాగుండేది. ఆ మర్యాదే ఆమెని కోసేసింది. భర్తకి చూపిస్తే ఆయన కళ్ళజోడు పెట్టుకుని, తీసి, మళ్ళీ పెట్టుకుని "నాచేనేమోనే" అన్నాడు. ఏడాది పొడుగునా ఆ ఫొటోని ఎన్నిసార్లు పెద్దది చేసి చూసిందో ఆమెకే తెలియదు. ఒకరోజు అక్షరం కనబడేది, ఒకరోజు నాచు కనబడేది. నేను చూశానా, చూశాననుకున్నానా? పుట్టిన దగ్గర్నుంచీ అందరూ నన్ను తికమక మనిషంటున్నారు, నిజమే, ఒప్పుకుంటాను. ఈ ఒక్కదానిలో, ఈ ఒక్కసారి, నేను చూసింది చూసినట్టే ఉందని ఎవరైనా అంటే చాలు. ఇదీ ఆమె కోరిక. పట్టీ మీద అక్షరాలు సరిగ్గా చదివితే తప్ప అది తీరదు.

అందుకని ఈ ఏడు చలి మొదలవ్వగానే దేవమ్మ దగ్గరికి వెళ్ళింది. దేవమ్మ ఇల్లు కరకట్టకి ఆనుకునే ఉంటుంది. గిన్నికోళ్ళని పెంచుకుంటుంది. మోకాళ్ళు నొప్పులు, నోరు మాత్రం ఇప్పటికీ చురుకు.

"దేవమ్మక్కా, ఒక్క సాయం చెయ్యాలి. కాలికి పట్టీ ఉన్న ఉల్లంకి పిట్ట దొరికితే వెంటనే నాకు ఫోన్ చెయ్యి."

"ఉల్లంకి పిట్టా? ఏం చేసుకుంటారు టీచరమ్మా, దానికి గుప్పెడు మాంసం కూడా ఉండదు."

"ఛ ఛ, మాంసానికి కాదక్కా. దాని పట్టీ మీద అక్షరాలుంటాయి, అవి చదవాలి. అది దొరికితే నా పరువు నిలబడుతుంది."

దేవమ్మ గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. "మీ పరువంటున్నారు గాబట్టి ఒప్పుకుంటున్నా. మాటిచ్చాను, ఇక మీరు ఊరుకోండి" అంది.

క్రిస్మస్ వెళ్ళింది, కొత్త సంవత్సరం వెళ్ళింది. ఒక శుక్రవారం మధ్యాహ్నం, పిల్లలు అన్నాలు తింటుండగా ఫోను మోగింది.

"టీచరమ్మా! దొరికింది!"

సుమలత ఫోను పట్టుకుని వరండాలోకి పరిగెత్తింది. "నిజంగానా అక్కా? పట్టీ ఉందా?"

"ఉంది. రాతలు కూడా ఉన్నాయి. నాకు ఇంగ్లీషు రాదు గానీ రాతలు తెలీవా ఏంటి!"

"రేపటిదాకా ఉంటుందా అక్కా? ఎటైనా వెళ్ళిపోతుందేమో!"

"ఎక్కడికీ పోదు. ఆ పూచీ నాది."

పాపం సుమలత, ఆ పిట్ట రోజూ అక్కడికే మేతకి వస్తోంది కాబోలనుకుంది. ఆనందంలో ఆ మధ్యాహ్నం ఏడో తరగతి పాఠం ఆరో తరగతికి చెప్పేసింది. మర్నాడు రెండో శనివారం, సెలవు. బస్టాండులో కండక్టర్ని "అవనిగడ్డేగా? నాగాయలంక వెళ్తుందిగా?" అని రెండుసార్లు అడిగి, నమ్మకం కుదరక డ్రైవర్ని కూడా అడిగి, సరైన బస్సే ఎక్కింది. చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ వారధి. దారిలో ఒక్క కొంగని కూడా పట్టించుకోలేదు.

దేవమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. మొహం మీద గర్వం దాగడం లేదు. పెరట్లో బోర్లించిన గంప ఒకటి ఉంది, దాని మీద ఇటుక పెట్టి ఉంది. కోడిపెట్టని కమ్మేసి ఉంటుందిలే అనుకుని సుమలత కెమెరా మూత తీస్తూ "ఎటువైపు వెళ్దాం అక్కా?" అంది.

"ఎటు వెళ్ళడమేంటి, ఇక్కడుంటే!"

దేవమ్మ ఇటుక తీసి గంప ఎత్తింది.

ఉల్లంకి పిట్ట. కొబ్బరికాయంత కూడా లేదు. పక్కన సత్తుగిన్నెలో నీళ్ళు, చుట్టూ చల్లిన నూకలు. ఒక్క గింజ కూడా ముట్టుకున్నట్టు లేదు. కాలికి దారం, ఆ దారం నేలలో దిగ్గొట్టిన పుల్లకి కట్టి ఉంది. రెండో కాలికి పట్టీ. ఎండకి వానకి వెలిసిపోయి అది ఆకుపచ్చా కాదు, పసుపుపచ్చా కాదు, రెండూనూ. దాని మీద మొదటి అక్షరం హెచ్. స్పష్టంగా హెచ్.

అబద్ధం ఎందుకు, సుమలతకి ముందు వచ్చింది సంతోషమే. "చూశాను! నేను చూశాను!" అని గట్టిగా అరిచింది. అరిచాక పిట్ట బెదిరి రెక్కలు విప్పింది. ఒక రెక్క రెక్కలాగే ఉంది. రెండోది సగానికి, కత్తెరతో కాగితం కోసినట్టు, తిన్నగా ఆగిపోయింది.

"అక్కా, ఇదేంటి?"

"ఎగిరిపోద్దేమోనని కత్తిరించా టీచరమ్మా. నొప్పుండదు, గోరు తీసినట్టే. మా గిన్నికోళ్ళకి ఇట్టాగే చేస్తాం" అంది దేవమ్మ. తరవాత ఎలా పట్టిందో చెప్పుకొచ్చింది. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పరజ బాతులకి ఉచ్చులు వేసేవాడట. చేపలు పట్టే నైలాను తీగతో అలాంటివే అల్లి, రోజూ పాటు వేళకి బురదలో మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి పరిచి వచ్చేదట. పట్టీ లేనివి పడితే విప్పి వదిలేసేదట. "ఈ మోకాళ్ళేసుకుని ఎట్టా వెళ్ళానో ఆ ప్రభువుకే తెలుసు. మీ పరువన్నారని వెళ్ళా."

సుమలత ఆమెని చూసింది, పిట్టని చూసింది. కేకలేద్దామంటే ఆ మోకాళ్ళు కనబడుతున్నాయి, మెచ్చుకుందామంటే ఆ రెక్క కనబడుతోంది. నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది, అది కూడా సరిగ్గా రాలేదు.

"నేను పట్టుకోమనలేదు కదా అక్కా."

"దొరికితే చెప్పమన్నారు గదా?"

"దొరికితే అంటే... కనబడితే అని."

దేవమ్మ ఆమెని ఎగాదిగా చూసింది. "కనబడితే అనాలంటే కనబడితే అనాలి టీచరమ్మా. మా ఇళ్ళల్లో దొరికిందంటే వల్లో పడిందని. కనబడ్డ చేపకీ దొరికిన చేపకీ తేడా లేదా?"

"మా గ్రూపులో అలాగే అంటారక్కా..."

"గ్రూపో గీపో. మీరు పిల్లలకి చెప్పేది తెలుగే గదా?"

పిట్టని అలా ఎంతసేపు ఉంచుతారు? అది నూకలు తినదు, అది తినే పురుగులు బురదలోనే ఉంటాయి. దారం కోసేసి, దేవమ్మ దాన్ని చెంగులో చుట్టుకుంటే, ఇద్దరూ కరకట్ట ఎక్కి దిగారు. బురద మీద వదలగానే అది ఒక్క పరుగు తీసి గుంపులో కలిసిపోయింది. వెళ్ళీ వెళ్ళగానే ముక్కు బురదలో దించింది. "చూశారా, శుభ్రంగా ఉంది" అంది దేవమ్మ. సుమలతకి కూడా నిజంగానే ప్రాణం కుదుటపడింది.

అయితే పోటు మొదలైంది. నీళ్ళు పలచగా బురద మీదికి పాకుతూ వచ్చాయి. ఎవరు సైగ చేశారో ఏమో, గుంపంతా ఒక్కసారి లేచింది. గాల్లో ఒక చుట్టు తిరిగి మడచెట్ల వైపు వెళ్ళిపోయింది. పట్టీ పిట్ట కూడా లేచింది. జానెడు ఎత్తు లేచి, ఒక పక్కకి ఒరిగి, పడింది. మళ్ళీ లేచి పడింది. తరవాత గుంపు వెళ్ళిన వైపుకి నీళ్ళలో పరిగెత్తడం మొదలుపెట్టింది. కాస్త దూరం వెళ్ళి ఆగి, ఇటు చూసి, అటు చూసి, మళ్ళీ పరిగెత్తింది. ఎటు వెళ్ళాలో దానికి తెలియడం లేదు. తికమకంటే ఏమిటో పుట్టిన దగ్గర్నుంచీ తెలిసిన సుమలత కూడా దాన్ని అలా చూడలేకపోయింది.

అలవాటు కొద్దీ కెమెరా కంటికి ఆనించింది. క్లిక్కుమంది. వెలుతురు వీపు వెనకుంది, ఈసారి చేతులు వణకలేదు. పిట్ట పక్కకి తిరిగి ఉంది, మంచి రెక్క ఇటు వైపు, పట్టీ మీద అక్షరాలు మూడూ చదువుకోవచ్చు. ఇంత బాగా ఆమె ఎప్పుడూ ఒక్క ఫొటో తియ్యలేదు.

వేసవి ముందు ఇవన్నీ తిరిగి వెళ్ళిపోతాయి. అప్పటికి ఆ ఈకలు వస్తాయా? రాకపోతే ఇది ఏమవుతుంది? గిన్నికోడికి తినడానికి గింజలూ పడుకోవడానికి గూడూ ఉంటాయి, దీనికి ఏముంది? సుమలతకి తెలియదు. తెలిసినవాళ్ళు ఆ గ్రూపులోనే ఉన్నారు. అడగాలంటే జరిగింది చెప్పాలి. చెబితే, పిట్టని పట్టడం నేరమని అటవీ శాఖ దాకా వెళ్తుందేమో, దేవమ్మ పేరు బయటికొస్తుందేమో. దేవమ్మ పేరు చెప్పనని ఒట్టు పెట్టుకుంది. కరకట్ట మీదికి వచ్చి, సిగ్నల్ అందే చోట నిలబడి, కెమెరా తెర మీది బొమ్మని ఫోనుతో తీసి గ్రూపులో పెట్టింది. కింద రాసింది: "నేను మాట సరిగ్గా అనకపోవడం వల్ల ఈ పిట్టని పట్టి ఒక రెక్క ఈకలు కత్తిరించారు. తప్పు నాదే. ఎగరలేకపోతోంది. ఈకలు మళ్ళీ వస్తాయాండీ? ఎన్నాళ్ళకి?"

నిమిషం కూడా కాలేదు, ఫోను మోగడం మొదలైంది.

డాక్టరుగారే ముందు. "అద్భుతం సుమలత గారూ! హెచ్ స్పష్టంగా ఉంది. పోయినేడు మీరు చూసింది నిజమేనండీ, నాచన్నందుకు క్షమించాలి. కంగ్రాచ్యులేషన్స్!"

తరవాత చప్పట్ల బొమ్మలు. "సూపర్ మేడమ్." "ఏం క్లారిటీ!" "లొకేషన్ ప్లీజ్." "ఏ లెన్సు మేడమ్?" పోయినేడు నవ్విన వాళ్ళే ఈసారి వరసగా చప్పట్లు కొడుతున్నారు. బొమ్మ చూశారు, రాసింది ఎవరూ చదవలేదు. ఏడాదిగా ఏ మాట కోసం ఎదురుచూసిందో ఆ మాట అందరూ అంటున్నారు. సుమలత ఒక్కొక్కటీ చదివింది. ఒక్కటి కూడా లోపలికి దిగలేదు.

"ఈకలు మళ్ళీ వస్తాయాండీ?" అని మళ్ళీ రాసింది. దానికి ఎవరో రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టారు.

కింద నీళ్ళు కరకట్ట మొదలు దాకా వచ్చేశాయి. నిలబడే చోటు లేక పిట్ట రాళ్ళ మీదికి ఎక్కి వచ్చింది. దేవమ్మ దానికి కాస్త ఎడంగా కూర్చుంది, కుక్కలొస్తే అదిలించడానికి చేతిలో పుల్ల పట్టుకుంది.

"ఏమంటున్నారు టీచరమ్మా?"

"మెచ్చుకుంటున్నారక్కా."

"మిమ్మల్నేనా?"

"నన్నే. నేను చూసింది నిజమేనంట."

దేవమ్మ మొహం విప్పారింది. "హమ్మయ్య! మీ పరువు నిలబడింది. నా మోకాళ్ళు పోతే పోయినయ్" అని చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. కాసేపు పిట్టని చూసి, గొంతు తగ్గించి అడిగింది. "మరి రెక్క సంగతి? వస్తదన్నారా?"

ఫోను మళ్ళీ మోగింది. సుమలత ఆత్రంగా తెరిచి చూసింది. ఇంకొకాయన చప్పట్లు కొట్టాడు.

"ఇంకా చెప్పలేదక్కా" అంది.